మోడల్ టీ కారు, కంచు బుష్‌లు

పూర్వపు గుర్రపుబగ్గీలలో మలుపు తిరగాలంటే ముందు ఇరుసు మొత్తం నడిమి కీలు మీద తిరగవలసి వచ్చేది. మ్యూనిక్ నగరపు బగ్గీల నిర్మాత గేయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ 1817లో ఇరుసును కదలకుండా నిలిపి, దాని రెండు కొసలకూ చెరొక నిలువు కీలు అమర్చి చక్రాలను మాత్రమే తిప్పే పద్ధతిని రూపొందించగా, మరుసటి ఏడాది లండన్‌లో దానికి పేటెంటు తీసుకొన్న రుడాల్ఫ్ అకర్‌మాన్ పేరే, ఆవిష్కర్తకు కొంత అన్యాయంగా, స్థిరపడిపోయింది. మోటారు కారుకు ఆ పద్ధతితో పాటు దాని అరుగుదల కూడా సంక్రమించింది.

1908లో ఫోర్డ్ సంస్థ విడుదల చేసిన మోడల్ టీ కారులో ఆ నిలువు కీలు ఒక ఉక్కు బోల్టు. దాని చుట్టూ బుష్ అనే కంచు తొడుగు ఉండేది. ఉక్కు కంటే మెత్తనైన కంచును ఎంచుకోవడంలోని ఉద్దేశం, అరుగుదలను ఖరీదైన భాగాల మీద పడనీయక చవకైన తొడుగుకు మళ్లించడమే. మట్టిదారుల దుమ్ము నూనెలో కలిసి ఆకురాయిలా ఒరుసుకోవడంతో బుష్ వదులై, ముందు చక్రాలు వణికేవి, స్టీరింగ్ పట్టు తప్పేది.

పనిముట్లను తామే బాగుచేసుకొనే అమెరికా రైతులకు ఇది పెద్ద చిక్కు కాలేదు. ఫోర్డ్ తన కరదీపికను ప్రశ్నోత్తరాల రూపంలో అచ్చువేసి ఇచ్చేది. విడిభాగాలను సియర్స్ అనే వ్యాపార సంస్థ కేటలాగు చూసి తపాలాలో తెప్పించుకొనేవారు. పాత బుష్‌ను కొట్టి తీసి కొత్తది దిగగొట్టడం సులువే గాని, అలా బిగిసినప్పుడు కంచు లోపలికి కాస్త ముడుచుకొంటుంది కనుక, రంధ్రాన్ని సన్నగా చెక్కే రీమర్ అనే పనిముట్టును పై బుష్‌లోనూ కింది బుష్‌లోనూ ఒకే వరుసలో తిప్పాలి. పనితనమంతా అక్కడే ఉంది.

తరువాతి కాలంలో రెండు లోహపు గొట్టాల నడుమ రబ్బరును బిగించిన బుష్‌లు కార్ల సస్పెన్షన్‌లోనూ స్టీరింగ్ బిగింపుల్లోనూ చేరాయి. వాటిలో ఒరిపిడి లేదు, రబ్బరే మెలిపడుతుంది. అందువల్ల తెలుగు రైతు బండి ఇరుసుకు పూసిన కందెన వంటిదేదీ అక్కరలేదు. అయితే నూనె వేసే పనితో పాటు, వేసేటప్పుడు యజమాని కంటబడే వదులు కూడా మరుగున పడింది. ఈ రబ్బరు బుష్‌లను మార్చడానికి సుత్తి చాలక, ఒత్తి దించే ప్రెస్ యంత్రం కావలసి వచ్చింది.

1927లో ఉత్పత్తి ఆగేనాటికి మోడల్ టీ కార్లు కోటిన్నరకు పైగా తయారయ్యాయి. వాటి కంచు బుష్‌లు అమెరికాలో నేటికీ కొత్తవి దొరుకుతాయి, బిగించాక రీమర్ తిప్పడమూ తప్పదు.