ఆకృతి చెప్పినదీ, తీగ దాచినదీ

1990వ దశకం ఆరంభంలో వ్యక్తిగత కంప్యూటరు వెనుక భాగాన్ని చూసినవారికి, పరికరానికొక పోర్టూ పోర్టుకొక ఆకృతీ ఉన్న ఒక విచిత్ర వ్యవస్థ కనిపించేది. కీబోర్డుకు గుండ్రని రంధ్రం, మోడెమ్‌కు సీరియల్ పోర్టు, ప్రింటరుకు ఇరవై అయిదు పిన్నుల పారలల్ పోర్టు, జాయ్‌స్టిక్‌కు మరొకటి. వీటిలో పెక్కింటిని తగిలించే ముందు యంత్రాన్ని ఆపవలసివచ్చేది, తగిలించాక స్క్రూలు బిగించవలసివచ్చేది. కొత్త కార్డు చేర్చాలంటే పెట్టె విప్పి, రెండు పరికరాలు ఒకే వనరు కోసం పోటీపడకుండా చిన్న చిన్న జంపర్లను చేతితో సర్దవలసివచ్చేది. ఈ గందరగోళం ఎవరి అసమర్థతవల్లా పుట్టినది కాదు. ఒక్కొక్క పోర్టు ఒక్కొక్క కాలంలో, ఒక్కొక్క ప్రయోజనానికి, మిగిలినవాటితో నిమిత్తం లేకుండా రూపొందింది. అవన్నీ ఒకే పెట్టెలో చేరాక కూడా వాటికి ఉమ్మడి శాసనమంటూ ఏర్పడలేదు.

ఆ శాసనాన్ని రచించే ప్రయత్నం 1994లో మొదలైంది. కాంపాక్, డెక్, ఐబీఎం, ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఎన్‌ఈసీ, నార్టెల్ అనే ఏడు సంస్థలు అందుకు చేతులు కలిపాయి. ఇంటెల్‌లో ఈ కృషిని ముందుకు నడిపిన ఇంజనీర్లలో ప్రముఖులు అజయ్ భట్, వడోదరలోని మహారాజా సాయాజీరావు విశ్వవిద్యాలయంలో చదివి అమెరికా వెళ్లినవారు. 1996 జనవరిలో వెలువడిన తొలి యూఎస్‌బీ ప్రమాణం సెకనుకు 1.5 మెగాబిట్లు, 12 మెగాబిట్లు అనే రెండు వేగాలను నిర్దేశించింది. ఇంటెల్ ఈ సాంకేతికతను రాయల్టీ లేకుండా ఇతరులకు విడిచిపెట్టడం ఆనాటికి ఉదారంగా కనిపించినా, ప్రతి కంప్యూటరులోనూ తన చిప్పులకు స్థానం కోరుకునే సంస్థకు అది దూరదృష్టి కూడా.

యూఎస్‌బీ వ్యవస్థలో అందరూ సమానులు కారు. కంప్యూటరు అధిపతి, తక్కినవన్నీ అనుచరులు. అధిపతి అడిగినప్పుడే అనుచరుడు బదులివ్వాలి, అయిదు వోల్టుల విద్యుత్తును అధిపతే సరఫరా చేయాలి. ఈ అంతస్తుల భేదాన్ని రూపకర్తలు నియమావళిలో రాసి ఊరుకోక, లోహపు ఆకృతిలోనే పోతపోశారు. అధిపతి వైపు ఉండేది బల్లపరుపైన దీర్ఘచతురస్రం, అంటే ఎ-రకం. ప్రింటరువంటి పరికరం వైపు ఉండేది పై మూలలు చెక్కినట్లున్న చదరం, అంటే బి-రకం. రెండు కొనలూ ఎ-రకంగా ఉన్న కేబుల్‌ను ప్రమాణం అనుమతించలేదు. అటువంటిది రెండు కంప్యూటర్ల మధ్య తగిలిస్తే రెండు విద్యుత్ మూలాలు ఎదురెదురు నిలుస్తాయి. ఎ-రకం ప్లగ్గును దగ్గరగా చూస్తే లోపల నాలుగు లోహపు పట్టీలు కనిపిస్తాయి. చివరి రెండూ విద్యుత్తుకు, నడిమి రెండూ సమాచారానికి. చివరివి కాస్త పొడవుగా ఉండటం అలంకారం కోసం కాదు. ప్లగ్గు దూరుతున్నప్పుడు ముందు విద్యుత్తు, తరువాతనే సమాచారం తాకాలి, తీసేటప్పుడు ఆ క్రమం తలకిందులు కావాలి. యంత్రం నడుస్తుండగానే పరికరాన్ని నిర్భయంగా తగిలించి ఊడదీయగలగడంలో ఆ కొద్దిపాటి పొడవుకూ భాగముంది.

ఒక పక్కనుంచి మాత్రమే దూరే ఈ ప్లగ్గు లోకమంతటి విసుగుకూ పాత్రమైంది. ఏ పక్కనైనా దూరేలా చేయాలంటే తీగలూ సర్క్యూట్లూ రెట్టింపవుతాయనీ, ఖర్చూ ఆ మేరకు పెరుగుతుందనీ భట్ తరువాతి కాలంలో వివరించారు. మౌసు, కీబోర్డు వంటి చవకైన వస్తువుల తయారీదారులను కొత్త మార్గానికి ఒప్పించవలసిన దశలో ఆ పొదుపు అనివార్యమేననిపిస్తుంది. దాని మూల్యాన్ని వాడుకదారు ఇరవై ఏళ్లు చెల్లించాడన్నదీ అంతే నిజం.

ప్రమాణం పుట్టగానే ప్రచారంలోకి రాలేదు. పోర్టులున్న కంప్యూటర్లకు పరికరాలు లేవు, పరికరాలు చేయవలసినవారు పోర్టులు పెరిగేదాకా వేచిచూశారు. 1998 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ ప్రదర్శనలో స్కానరు కేబుల్ తగిలించిన మరుక్షణం, బిల్ గేట్స్ సమక్షంలోనే, విండోస్ 98 కుప్పకూలి నీలితెర చూపింది. ప్రతిష్టంభనను ఛేదించింది ఏడుగురు వ్యవస్థాపకుల్లో లేని యాపిల్. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన ఐమ్యాక్ పాత సీరియల్ పోర్టులనూ, తన సొంత కీబోర్డు పోర్టునూ, ఫ్లాపీ డ్రైవునూ త్యజించి యూఎస్‌బీని ఆశ్రయించింది. ప్రత్యామ్నాయం లేని వినియోగదారుల సమూహం ఒకటి ఏర్పడటంతో పరికరాల తయారీదారుల సందేహం తీరింది. 2000 ఏప్రిల్‌లో వచ్చిన 2.0 ప్రమాణం వేగాన్ని 480 మెగాబిట్లకు పెంచుతూ ఆకృతులను యథాతథంగా ఉంచింది. కొత్తది పాతదానిలో దూరుతుంది, పాత వేగంతో పనిచేస్తుంది అన్న ఒడంబడిక అప్పటినుంచి స్థిరపడింది.

ఆ స్థిరత్వాన్ని కదిపినవి చేతిలో ఇమిడే పరికరాలు. కెమెరాలకు బి-రకం చదరం మరీ పెద్దది కావడంతో మినీ-బి వచ్చింది. ఒకే ఫోను కంప్యూటరుకు అనుచరుడిగానూ పెన్‌డ్రైవుకు అధిపతిగానూ వ్యవహరించవలసివచ్చినప్పుడు, 2001నాటి ఆన్-ది-గో అనుబంధం పాత్రను నిర్ణయించే అయిదవ పిన్నును వినియోగంలోకి తెచ్చింది. ఆకృతికీ పాత్రకూ నడుమ ఉన్న బంధం సడలడం అక్కడే ఆరంభమైంది. 2007లో వచ్చిన మైక్రో-యూఎస్‌బీని తరువాతివారు తరచు నిందించారు గాని, దాని రూపకల్పనలో ఒక వివేకముంది: అరిగిపోయే స్ప్రింగులను ఫోనులో కాక కేబుల్ ప్లగ్గులో ఉంచి, పాడైతే చవకైనదే పాడయ్యేలా చేసి, పదివేలసార్లు తగిలించి తీసినా తట్టుకోవాలన్న నియమం పెట్టారు.

ఈ లోగా యూఎస్‌బీ సమాచారవాహికగా కంటే విద్యుత్‌వాహికగానే ఎక్కువమందికి పరిచయమైంది. సెల్‌ఫోన్ దుకాణంలో నోకియా 'సన్నపిన్ను' కావాలో 'లావుపిన్ను' కావాలో చెప్పి ఛార్జరు కొన్న తరానికి ఆ వైవిధ్యపు భారం వివరించనక్కరలేదు. ఛార్జరు వైపు ఎ-రకం పోర్టు ఉండాలని చైనా 2006 చివర నిర్దేశించింది. 2009లో ఐరోపా సంఘం ఒత్తిడిపై తయారీదారులు మైక్రో-యూఎస్‌బీకి సమ్మతించారు. అయితే అది స్వచ్ఛంద ఒప్పందం, అడాప్టరుతో సరిపుచ్చుకోవచ్చునన్న వెసులుబాటూ అందులో ఉంది. యాపిల్ ఆ వెసులుబాటునే వాడుకుని, 2012లో ఏ పక్కనైనా దూరే లైట్నింగ్ పోర్టును ప్రవేశపెట్టింది. నియంత్రణ నవకల్పనను అడ్డుకుంటుందన్న ఆ సంస్థ వాదంలో స్వార్థం లేకపోలేదు. కాని 2009లోనే కఠిన శాసనం వచ్చి ఉంటే ఐరోపా మైక్రో-యూఎస్‌బీ దగ్గరే చిరకాలం ఆగిపోయే ప్రమాదముండేదని అంగీకరించక తప్పదు.

2008 నవంబరులో వచ్చిన 3.0 ప్రమాణం ఎ-రకంలో పాత నాలుగు పిన్నులను కదపకుండా మరో అయిదింటిని వేరు వరుసలో అమర్చి 5 గిగాబిట్ల వేగం సాధించింది. నీలిరంగు ప్లాస్టిక్ దాని ఆనవాలుగా వ్యాపించింది, అయితే అది సిఫారసేగాని నిర్బంధం కాదు. బి-రకంలో మాత్రం కొత్త పిన్నులకు చోటు చాలక ప్లగ్గు మీద మరొక అంతస్తు లేచింది. ఆ ప్లగ్గు పాత బి-పోర్టులో దూరదు. ఆ తరువాత అదే 5 గిగాబిట్ల వేగాన్ని 3.1 జెన్ 1 అనీ, 3.2 జెన్ 1 అనీ తిరిగి నామకరణం చేయడానికి ప్రమాణకర్తలు చూపిన కారణాలు ఇంజనీర్లకు చాలవచ్చు గాని, కొనుగోలుదారుకు మాత్రం అన్యాయమే జరిగింది.

2014 ఆగస్టులో టైప్‌-సి వెలువడింది. దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల వెడల్పులో, రెండు వరుసలుగా 24 పిన్నులు. ఏ పక్కనైనా, ఏ కొననైనా తగిలించవచ్చు. ఎవరు అధిపతి, ఎవరు అనుచరుడు, ఎంత విద్యుత్తు ఎటు ప్రవహించాలి అన్న ప్రశ్నలకు ఇకమీదట ఆకృతి బదులివ్వదు. సీసీ అనే రెండు పిన్నులపై జరిగే సంప్రదింపే బదులివ్వాలి. విద్యుత్తు పుచ్చుకునే పరికరం తన రెండు సీసీ పిన్నులకూ చెరొక 5.1 కిలోఓముల రెసిస్టరును కలిగి ఉండాలి. ఆ కొద్దిపాటి నిరోధం అవతలివైపు కనిపించేదాకా ప్రమాణబద్ధమైన టైప్‌-సి ఛార్జరు వోల్టేజీని విడుదల చేయదు. చవకైన కొన్ని లైట్లూ, స్పీకర్లూ పాత ఎ-నుంచి-సి కేబుల్‌తో ఛార్జయి, రెండువైపులా సి ఉన్న కేబుల్‌తో మొరాయించడానికి కారణం ఆ రెసిస్టర్లను తయారీదారు ఆదా చేయడమే.

కేబుల్ విషయం ఇంతకంటే జటిలం. టైప్‌-సి కొనలున్న కేబుల్‌లో 480 మెగాబిట్లకు చాలే తీగలే ఉండవచ్చు, 40 గిగాబిట్ల తీగలూ ఉండవచ్చు. మూడు ఆంపియర్లే మోయవచ్చు, తనను తాను పరిచయం చేసుకునే చిప్పుతో అయిదు ఆంపియర్లూ మోయవచ్చు. పవర్ డెలివరీ అనే విద్యుత్ సరఫరా ప్రమాణానికి 2021లో జరిగిన సవరణతో విద్యుత్ పరిమితి 100 నుంచి 240 వాట్లకు చేరింది. బయటికి మాత్రం అన్నీ ఒక్కటే. ఈ అగోచరత్వం ఎంత ప్రమాదకరమో గూగుల్ ఇంజనీరు బెన్సన్ లియుంగ్ 2016లో లోకానికి చూపారు. ఆన్‌లైన్‌లో అమ్ముడవుతున్న కేబుళ్లను ఒక్కొక్కటిగా పరీక్షిస్తూ వచ్చిన ఆయన, విద్యుత్, భూ తీగలు తారుమారైన ఒక కేబుల్ తగిలించినందుకు తన ల్యాప్‌టాప్‌నే కోల్పోయారు. కొద్ది వారాలకే అమెజాన్ ప్రమాణవిరుద్ధ టైప్‌-సి కేబుళ్ల విక్రయాన్ని నిషేధించింది. 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటరు బోర్డు మరొక వింత చూపింది. రెండు సీసీ పిన్నులకు విడివిడిగా కాక ఒకే రెసిస్టరు పెట్టినందువల్ల, చిప్పు ఉన్న మేలైన కేబుల్ తగిలిస్తే ఛార్జరు ఆ బోర్డును ఆడియో సాధనమని పొరబడి విద్యుత్తు నిరాకరించేది. సాదా కేబుల్‌తో మాత్రం అది చక్కగా నడిచేది. తయారీదారులు లోపాన్ని ఒప్పుకొని తరువాతి ప్రతుల్లో సరిదిద్దారు.

ఆకృతుల ఏకీకరణను చివరకు పూర్తిచేసింది చట్టం. 2022 అక్టోబరులో ఐరోపా పార్లమెంటు 602 ఓట్లతో ఆమోదించిన ఆదేశం 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లకూ ట్యాబ్లెట్లకూ టైప్‌-సిని తప్పనిసరి చేసింది. ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 వరకు గడువిచ్చింది. భారతీయ ప్రమాణాల సంస్థ కూడా 2023 జనవరిలో టైప్‌-సికి భారతీయ ప్రమాణాన్ని ప్రకటించింది. అదే ఏడాది సెప్టెంబరులో ఐఫోన్ 15 లైట్నింగ్‌ను వీడింది. కాని ఆ శ్రేణిలోని సాధారణ నమూనాలు 480 మెగాబిట్ల వద్దే ఆగగా, ప్రో నమూనాలకు మాత్రమే 10 గిగాబిట్లు దక్కాయి. పోర్టు ఒక్కటే, మధ్యలో ఇరవై రెట్ల అంతరం.

ప్రమాణాలను నిర్వహించే యూఎస్‌బీ ఇంప్లిమెంటర్స్ ఫోరమ్ ఈ లోపాన్ని ఎరగక కాదు. తరాల సంఖ్యలను వెనక్కి నెట్టి, వేగాన్ని గిగాబిట్లలోనూ శక్తిని వాట్లలోనూ నేరుగా కేబుల్ మీదే చెప్పే గుర్తులను 2022 నాటికి సిద్ధం చేసింది. ధ్రువీకరణ పొందిన కేబుళ్లకే ఆ గుర్తు ధరించే అర్హత ఉంది. ధ్రువీకరణ కోరడమూ మానడమూ తయారీదారు ఇష్టం.