సెన్సర్ దుమ్ము

డిజిటల్ కెమెరాలో బొమ్మను పట్టే సెన్సర్ ముందుండే పలచని గాజు మీద చేరే ధూళినీ, దానివల్ల ఫోటోల్లో పడే మచ్చలనూ కలిపి సెన్సర్ దుమ్ము అంటారు. లెన్సులు మార్చుకునే వీలున్న కెమెరాలన్నిటికీ ఈ బెడద ఉంది. లెన్సు ఊడదీయడానికి వీల్లేని చిన్న కెమెరాల్లో, ఫోన్లలో ఇది అరుదు.

నంద్యాల జిల్లా యాగంటిలో ఉమామహేశ్వరాలయాన్నీ, దాని వెనకున్న ఎర్రమల కొండనూ ఒకే ఫ్రేములో ఇరికించాలంటే వైడ్ లెన్సు పెట్టి, లెన్సులో వెలుగు దూరే రంధ్రమైన ఎపర్చర్‌ను ఎఫ్/11కో ఎఫ్/16కో దించడం మామూలు. అలా తీసిన ఫోటోలో కొండ గుహల రాతిగోడ మీద పడ్డ మచ్చ కంటికి ఆనదు. పైనున్న ఆకాశంలో మాత్రం బూడిదరంగు చుక్కలు బయటపడతాయి. అగస్త్యుడి శాపం వల్ల ఈ క్షేత్రంలో కాకులు వాలవని స్థలపురాణం చెబుతుంది కాబట్టి, ఆ చుక్కల నెపాన్ని కాకుల మీదికి నెట్టే దారి కూడా ఇక్కడ లేదు.

ఎపర్చర్‌కూ మచ్చకూ ఉన్న సంబంధం సులువైన లెక్క. దుమ్ము నేరుగా సిలికాన్ మీద పడదు. దానికి ఒకటి రెండు మిల్లీమీటర్ల ముందున్న ఫిల్టర్ గాజు మీద నిలిచి, వెనక్కి నీడ వేస్తుంది. ఆ దూరం మిల్లీమీటరున్నర అనుకుంటే, ఎఫ్/2.8 దగ్గర నీడ అంచు దాదాపు అర మిల్లీమీటరు మేర చెదిరి వెలుగులో కలిసిపోతుంది. ఎఫ్/16 దగ్గర ఆ చెదురు మిల్లీమీటరులో పదో వంతుకు కూడా రాదు, నీడ గట్టిపడుతుంది. ఒకే కెమెరాతో పొద్దున ఎఫ్/2.8లో తీసిన పెళ్లి ఫోటోలు శుభ్రంగా ఉండి, మధ్యాహ్నం ఎఫ్/16లో తీసిన కొండ ఫోటోలు మచ్చలతో రావడానికి కారణం ఇదే. దుమ్ము రెండు పూటలా అక్కడే ఉంది.

ఫిల్ము కాలంలో దుమ్ము లేదని కాదు. అప్పుడది ఒకచోట నిలిచేది కాదు. ఒక ఫ్రేము మీద పడ్డ రేణువు ఆ ఫ్రేముతోపాటే ముందుకు జరిగిపోయేది. ఎన్‌లార్జర్‌లో నెగెటివ్ మీద ధూళి ఉంటే ప్రింటులో తెల్లచుక్క వచ్చేది, స్టూడియోలో టచప్ చేసేవారు సన్నని కుంచెతో రంగు అద్ది దాన్ని కప్పేసేవారు. సినిమా కెమెరాలో మాత్రం వేరే భయం ఉండేది. ఫిల్ము నడిచే గేటులో వెంట్రుకో, ఫిల్ము పొట్టో ఇరుక్కుంటే అది షాటంతా కనిపిస్తుంది. అందుకే షాటు ఓకే అయ్యాక కెమెరా అసిస్టెంటు 'గేట్ చెక్' చేసేదాకా యూనిట్ కదిలేది కాదు. బనగానపల్లె నవాబు బంగళా బయటి దృశ్యాలున్న 'అరుంధతి' (2009) ఆ ఫిల్ము కాలపు చివరి ఏళ్లది. దాని ఛాయాగ్రాహకుడు కె.కె.సెంథిల్ కుమార్ తరవాత 'బాహుబలి'ని ఆరి అలెక్సా డిజిటల్ కెమెరాతో తీశారు. గేటు పోయింది, గేటులో వెంట్రుక భయమూ పోయింది. దాని చోటులోకి కదలని సెన్సర్ వచ్చింది. దాని మీద పడ్డది తుడిచేదాకా ప్రతి ఫ్రేములోనూ ఉంటుంది.

లెన్సు మార్చుకునే డిజిటల్ కెమెరాల్లో అమ్మకానికి వచ్చిన మొదటిది 1991 నాటి కొడాక్ డీసీఎస్. నికాన్ ఎఫ్3 బాడీకి 13 లక్షల పిక్సెళ్ల సెన్సర్ తగిలించి దాన్ని తయారుచేశారు. వార్తాసంస్థలకు తప్ప మామూలు ఫోటోగ్రాఫర్లకు అందని ధర కావడంతో దుమ్ము గోల ఆ కొద్దిమందికే పరిమితమైంది. 1999లో నికాన్ డీ1, 2000లో కెనాన్ డీ30 వచ్చాక అది అందరి గోల అయింది. అప్పట్లో తయారీదారులు చెప్పిన మందు ఒక్కటే: రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, పోకపోతే సర్వీస్ సెంటరుకు పంపండి. 2002లో ఫోటోషాప్ 7లో వచ్చిన హీలింగ్ బ్రష్ చాలామందికి సర్వీస్ సెంటరు కంటే దగ్గరైంది. పాత కుంచె పనే అది, కంప్యూటర్లోకి మారింది.

కెమెరాయే తన దుమ్మును దులుపుకొనే ఏర్పాటు 2003లో ఒలింపస్ ఈ-1తో మొదలైంది. సెన్సర్ ముందు మరో గాజును నిలిపి, చెవికి వినపడనంత వేగంగా వణికించి, రాలిన ధూళిని అడుగునున్న జిగురు పట్టీకి అంటించే పద్ధతి అది. మిగతావారు దాన్ని అందుకోవడానికి మూడేళ్లు పట్టింది. 2006లో సోనీ ఆల్ఫా 100, కెనాన్ 400డీ, పెంటాక్స్ కే10డీ వరసగా ఇలాంటి ఏర్పాట్లతో వచ్చాయి. 2007లో డీ300తో నికాన్ కూడా చేరింది. వణుకుడు పొడి ధూళికి పనిచేస్తుంది, తడికీ జిడ్డుకూ పనిచేయదు. ఇది 2012లో వచ్చిన నికాన్ డీ600తో తేలిపోయింది. దాని ఫోటోల్లో ఎక్కువగా ఎడమ పైమూలన మచ్చలు గుంపుగా వచ్చేవి, శుభ్రం చేసినా మళ్లీ పుట్టేవి. కంపెనీ 2013 ఫిబ్రవరిలో సలహాపత్రం ఇచ్చి, అక్టోబరులో కొత్త షట్టరుతో డీ610 తెచ్చింది. 2014 మార్చిలో చైనా ప్రభుత్వ టీవీ ఈ సంగతిని ఎత్తిచూపాక షాంఘై అధికారులు డీ600 అమ్మకాలు ఆపించారు. దుమ్ము మీద ఇంత రభస మరే కెమెరాకూ జరగలేదు.

అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలతో సెన్సర్ మరింత బయటపడింది. లెన్సు తీయగానే ఎదురుగా కనిపిస్తుంది. కెనాన్ ఈఓఎస్ ఆర్ (2018) స్విచ్ ఆపగానే షట్టర్ మూసుకునేలా చేసింది. యాంత్రిక షట్టరే లేని నికాన్ జెడ్9 (2021)కు విడిగా ఒక కవచం పెట్టారు.

ఇక తుడవడం. ఇక్కడ ఏ ఊరి దుమ్మన్నది లెక్కలోకి వస్తుంది, నంద్యాల ప్రాంతం దీనికి మంచి ఉదాహరణ. భూగర్భశాస్త్రంలో 'కర్నూలు గ్రూపు' రాతిపొరలకు పేర్లు ఈ చుట్టుపక్కల ఊళ్లవే: బనగానపల్లె క్వార్ట్జైట్, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. అంటే మెత్తని రాయీ, గట్టిరాయీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. బేతంచెర్ల, బనగానపల్లె వైపు నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీల నుంచి లేచే తెల్లపొడి సున్నపురాయిది. మోస్ కొలమానంలో దాని కాఠిన్యం 3. క్వార్ట్జైట్ కొండల ఇసుకలోనూ, గ్రానైట్ కోసేచోట రేగే దుమ్ములోనూ ఉండే పలుగురాయిది 7. మామూలు గాజుది ఐదున్నర. నాపరాయి పొడి గాజును గీయలేదు, పలుగురాయి రేణువు గీస్తుంది. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ప్రతి రేణువునూ పలుగురాయి అనుకునే మొదలుపెట్టాలి. ముందు బ్లోయర్, ఆ తరవాతే తుడిచే స్వాబ్. ఊదకుండా స్వాబ్ పెడితే గీత పడేది ఇలాగే.

పెళ్లి ఫోటోగ్రాఫర్లకు వేరే తంటా. తలంబ్రాల వేళ లెన్సు మారిస్తే లోపలికి పోయేది రాతిధూళి కాదు, పసుపు. దానిలో నూనె ఉంటుంది, రంగు నీటిలో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. అందుకే దానికి బ్లోయర్ చాలదు, మిథనాల్ చుక్కలు వేసిన స్వాబ్ కావాలి. నోటితో ఊదడం అన్నిటికంటే చెడ్డ అలవాటు, ఉమ్మి తుంపర ఎండి మచ్చవుతుంది. డబ్బాలో నొక్కిపెట్టిన గ్యాసు కూడా వద్దు, అది ద్రవంగా చిమ్మితే గాజు మీద తెట్టు కడుతుంది.

మచ్చ ఎక్కడుందో చూడాలంటే ఎఫ్/16 పెట్టి, ఫోకస్ చెదరగొట్టి, తెల్లని గోడనో మబ్బులేని ఆకాశాన్నో ఫోటో తీస్తారు. లెన్సు బొమ్మను తలకిందులు చేస్తుంది. కాబట్టి ఫోటోలో ఎడమ పైమూలన కనిపించే చుక్క, కెమెరాను ముందు నుంచి చూసేవారికి సెన్సర్ ఎడమ కిందిమూలన దొరుకుతుంది.