లోహ గాజులు: అతిశీతలంలో నిర్మాణం, బలం

కరిగిన లోహంలోని పరమాణువులకు వరుస కట్టే వ్యవధి ఇవ్వకుండా చల్లారిస్తే, ద్రవంలోని క్రమం లేని అమరికే గట్టిపడిపోతుంది. అదే లోహ గాజు. 1960లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో క్లెమెంట్, విలెన్స్, డ్యువే బంగారం-సిలికాన్ మిశ్రమంతో దీన్ని మొదట సాధించారు. సెకనుకు పది లక్షల డిగ్రీల వేగంతో చల్లార్చాల్సి రావడంతో పలుచని రేకులే వచ్చేవి.

భారతదేశంలో ఈ కృషికి కాశీ హిందూ విశ్వవిద్యాలయం ముఖ్య కేంద్రం. అక్కడ టి.ఆర్. అనంతరామన్‌తో పాటు తెలుగువారైన పి. రామచంద్రరావు, సి. సూర్యనారాయణ పనిచేశారు. ద్రవ లోహాన్ని వేగంగా చల్లార్చే పద్ధతిపై తొలి దశాబ్దపు పరిశోధనలను అనంతరామన్, సూర్యనారాయణ 1971లోనే సమీక్షించారు. 1993లో పీకర్, జాన్సన్ జిర్కోనియం మిశ్రమంతో సెంటీమీటర్ల మందంలో గాజును పోత పోశాక, బలపరీక్షలకు చాలినంత మందపు ముక్కలు చేతికొచ్చాయి.

మామూలు ఉక్కు చలికి పెళుసుబారుతుంది. లోహ గాజు తీరు ఇంత సూటిగా ఉండదు. ఇందులో స్ఫటికాలు లేవు. వంగినప్పుడు పరమాణువుల చిన్న గుంపులు కలిసి జరిగి, సన్నని కోత పట్టీలుగా మారతాయి. ఆ జరుగుబాటుకు వేడి తోడ్పడుతుంది. చల్లబడేకొద్దీ ఆ తోడ్పాటు తగ్గుతుంది కనుక, ద్రవ నత్రజని ఉష్ణోగ్రత అయిన -196 డిగ్రీల సెల్సియస్ దగ్గర లొంగుబాటు బలం, అంటే శాశ్వతంగా వంగకుండా తట్టుకునే బలం, పెరుగుతుంది. ఈ సంబంధానికి జాన్సన్, సామ్వర్ 2005లో సూత్రం ఇచ్చారు.

బలం పెరిగినంత మాత్రాన పగులును తట్టుకునే శక్తి పెరగదు. ఈ తేడాయే అసలు కీలకం. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఉపద్రష్ట రామమూర్తి బృందం జిర్కోనియం గాజును దెబ్బకొట్టి పరీక్షించింది. ముందుగా కాచి, పరమాణువుల మధ్య మిగిలే ఖాళీని తగ్గించిన నమూనాల్లో పెళుసుబారే ఉష్ణోగ్రత పైకి జరుగుతుందని చూపింది.

చలి ఈ ఖాళీని తిరిగి పెంచగలదు కూడా. ద్రవ నత్రజనిలో ముంచి, గది ఉష్ణోగ్రతకు తెచ్చి, మళ్లీ ముంచితే గాజు లోపలి భాగాలు ఒక్కొక్కటి ఒక్కో మేర కుంచించుకుంటాయి. ఆ ఒత్తిడికి అమరిక సడలి, పదార్థం మరింత సాగుతుంది. కెటోవ్, గ్రీర్ తదితరులు 2015లో 'నేచర్'లో దీన్ని ప్రకటించారు.

చలిలో లోహ గాజు వాడకానికి ఒక ఉదాహరణ ఉంది. చంద్రుడి చలిలో మామూలు గేర్లకు వేసే కందెన గడ్డకడుతుంది. అందుకే నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ తన కోల్డ్‌ఆర్మ్ రోబో చేతికి లోహ గాజు గేర్లు బిగించింది. వాటికి ద్రవ కందెన గానీ, వేడిచేసే ఏర్పాటు గానీ అక్కర్లేదు.