జాలీలోని నక్షత్రం

ఇస్లామీయ కళలో రేఖాగణిత అలంకారం ఎందుకు వర్ధిల్లిందని అడిగితే, ప్రాణుల రూపాలు చెక్కరాదు గనుక అన్న జవాబు తరచు వినిపిస్తుంది. ఇది అర్ధసత్యం మాత్రమే. బొమ్మ కూడదనుకున్నప్పుడు గోడను ఖాళీగా వదిలివేయవచ్చు గదా! శిల్పి వదలలేదు. అతడు చేసిన పని ఎటువంటిదో తెలుసుకోవడానికి మనం గ్రనాడా వెళ్ళనక్కరలేదు. హైదరాబాదులో సంతోష్‌నగర్ చేరువనున్న పైగా సమాధులు చాలు.

నిజాముల కొలువులో ఉన్నత పదవులు నిర్వహించిన పైగా అమీరుల సమాధులివి. 18వ శతాబ్ది చివరి నుండి ఒకటొకటిగా వెలిశాయి. సున్నపు గచ్చుతో తీర్చిన నగిషీలు, చిల్లుల జాలీలు వీటికి పేరు తెచ్చాయి.

జాలీ అల్లికలలో అతి సరళమైనదాన్ని తీసుకుందాం. వృత్తలేఖినితో ఒక వృత్తం గీసి, అదే కొలతతో దాని అంచును ఖండిస్తూ పోతే సరిగ్గా ఆరు బిందువులు వస్తాయి. వాటినుండి షడ్భుజి, దాని ఆరు భుజాలమీద ఆరు త్రికోణాలు, వెరసి ఒక నక్షత్రం. ఇదే గోడంతా పరచుకున్నప్పుడు చిత్రమైన సంగతి జరుగుతుంది. ప్రతి త్రికోణమూ తన చుట్టూ ఉన్న మూడు నక్షత్రాలకు కొనగా ఉంటుంది. ఒక నక్షత్రాన్ని పట్టుకుంటే పక్కది కొన పోగొట్టుకొని వట్టి షడ్భుజిగా మిగులుతుంది. చూపు పక్కకు జరిపితే ఇది పోయి అది వస్తుంది. రాయి మాత్రం కదలదు!

అంతేకాదు. ఎండవేళ బయటినుండి చూస్తే రాయి తెల్లగా, రంధ్రాలు నల్లగా కనబడతాయి. లోపలికి వెళ్ళి చూస్తే రంధ్రాలే వెలుగుతాయి, రాయి చీకటి గీతలవుతుంది. ఆకారం ఏది, ఖాళీ ఏది?

ఈ ప్రశ్నకు మూలమైన విషయాన్ని బస్రాలో జన్మించి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్ 11వ శతాబ్ది తొలి దశకాలలోనే వివరించారు. ఆయన ‘కితాబుల్ మనాజిర్’ ఏడు భాగాల గ్రంథం. (మనాజిర్‌కు ఏకవచనం మంజర్, ఉర్దూలో అది మనకు పరిచితమే. తెలుగులో ‘దృశ్యాలు’ అనవచ్చుగాని ‘చూపులు’ అంటేనే ఆయన భావానికి దగ్గరగా ఉంటుందని నాకు తోస్తుంది.) కేవల ఇంద్రియానికి అందేవి వెలుతురు, రంగు మాత్రమేననీ, ఆకారం, దూరం, పరిమాణం వంటివాటిని వివేచనాశక్తి తేల్చుకోవలసి ఉంటుందనీ ఆయన సిద్ధాంతం. మూడవ భాగాన్ని చూపు పొరపాట్లకే కేటాయించారు. ఆకృతి, నేపథ్యం తారుమారవడాన్ని గురించి డెన్మార్క్ మనస్తత్వవేత్త ఎడ్గార్ రూబిన్ ప్రసిద్ధ గ్రంథం వెలువడింది 1915లో.

పైగా సమాధుల శిల్పికి ఇబ్నుల్ హైసమ్‌తో పనిలేదు. అతనికి వృత్తలేఖిని, బద్ద, గురువు నేర్పిన క్రమం ఉంటే చాలు. అయితే పండితుడు మాటల్లో చెప్పినది మన కంటిచేత చేయించగలిగాడు. నిషేధానికి తలవంచి చేసిన పని అనడం ఆ చేతికి అన్యాయం.

రావులపాలెం వంటి ఊళ్ళలో పాత ఇళ్ళ వరండాలకు అచ్చుపోసిన సిమెంటు జాలీలు గాలికోసం పెట్టినవి. మధ్యాహ్నవేళ వాటి నీడ గచ్చుమీద పడినప్పుడు చూడండి: గోడలో ఖాళీగా ఉన్నదే నేలమీద పువ్వై వెలుగుతుంది.