తెలుగు బాప్టిస్టు సంఘం

అమెరికన్ బాప్టిస్టు మిషన్ సేవతో కోస్తాంధ్రలో వేళ్లూనిన క్రైస్తవ సంఘం. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో మిషన్ ప్రారంభించారు. దశాబ్దాలపాటు విశ్వాసులు కొద్దిమందే. 1866లో మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు చేరాక సంఘం విస్తరించింది. తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య మాదిగపల్లెల్లో ఊరూరా సువార్త చెప్పారు. మిషనరీలతో సమానమైన స్థానం ఆయనకు దక్కాలి. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని పేదలకు కూలి కల్పించారు. అక్కడే బోధకులు వాక్యం బోధించారు. 1878 జులై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. బాప్టిస్టులు శిశువులకు కాక, విశ్వాసం ఒప్పుకున్నవారికే నీటిలో ముంచి బాప్తిస్మమిస్తారు. స్థానిక బోధకుల శిక్షణకు 1872లో రామాయపట్నంలో వేదాంత పాఠశాల ఏర్పడింది.