ఘటం అంటే కుండ



టార్చిలైటులోని లావు సెల్లు, గోడగడియారంలోని పెన్సిల్ సెల్లు రెండూ 1.5 వోల్టులవే. మరి భేదమేమిటని పిల్లలడిగితే, వారు బట్టీపట్టిన ‘ఘటం’ అనే మాటనే విప్పి చెప్పండి. ఘటమంటే కుండ.

1800లో ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా లోహపు బిళ్ళల నడుమ ఉప్పునీటిలో తడిపిన గుడ్డముక్కలుంచి తొలి విద్యుత్ దొంతరను పేర్చాడు. 1866లో ఫ్రాన్సుకు చెందిన లెక్లాంచి గాజుపాత్రలో నవాసారపు ద్రావణం పోసి, జింకు, మాంగనీస్ డయాక్సైడులతో ఘటం నిర్మించాడు. కదిపితే అది ఒలికేది. 1886లో జర్మనీలో గాస్నర్ ఆ ద్రావణాన్ని ముద్దగా చేసి జింకు డబ్బాలో బంధించాడు. అదే అనార్ద్ర ఘటం. 1950ల చివర లూయిస్ యురీ నవాసారానికి బదులు క్షారాన్ని వాడి నేటి ఆల్కలైన్ ఘటాన్ని రూపొందించాడు.

వోల్టులను నిర్ణయించేది లోపలి పదార్థాల స్వభావం. కుండ పరిమాణం కాదు. పెద్ద కుండలో పదార్థం ఎక్కువ, కనుక సామర్థ్యమూ ఎక్కువ. ఆల్కలైన్ పెన్సిల్ సెల్లు సామర్థ్యం సుమారు 2,000 మిల్లీఆంపియర్-గంటలు. లావు సెల్లుది అంతకు అయిదారు రెట్లు. అంతర్నిరోధం ఇరుకైన కుండమూతి వంటిది. పెన్సిల్ సెల్లు 100 మిల్లీఆంపియర్ల చొప్పున ఇరవై గంటలు పనిచేయవచ్చు. 1,000 చొప్పున లాగితే రెండు గంటలైనా నిలవదు. కొంత శక్తి లోపలే వేడిగా వృథా అవుతుంది.

మాటకు అర్థం తెలిసిన బిడ్డకు పాఠం సగం వచ్చినట్లే.