వెంకీస్ చేతిలో బ్లాక్‌బర్న్ రోవర్స్: అభిమానుల కోపం దేని మీద?

ఇంగ్లండ్‌లోని లాంకషైర్ ప్రాంతంలో బ్లాక్‌బర్న్ ఒకప్పుడు బట్టల మిల్లుల ఊరు. అక్కడి ఫుట్‌బాల్ క్లబ్బు బ్లాక్‌బర్న్ రోవర్స్ 1875లో పుట్టింది. 1888లో ఫుట్‌బాల్ లీగ్‌ను మొదలుపెట్టిన 12 క్లబ్బుల్లో ఇదొకటి. సగం నీలం, సగం తెలుపు జెర్సీ, ఈవుడ్ పార్క్ మైదానం ఆ ఊరివాళ్లకు తాతల నాటి ఆస్తి లాంటివి. ఊరివాడే అయిన ఉక్కు వ్యాపారి జాక్ వాకర్ సొంత డబ్బు కుమ్మరించి 1995లో ప్రీమియర్ లీగ్ టైటిల్ తెచ్చిపెట్టాడు. 2000లో ఆయన పోయాక క్లబ్బు ఆయన ట్రస్టు చేతిలో ఉండిపోయింది.

ట్రస్టు 2010 నవంబరులో దాన్ని పుణెకు చెందిన వెంకటేశ్వర హేచరీస్ గ్రూపుకు 2.3 కోట్ల పౌండ్లకు అమ్మేసింది. అప్పులు అదనం. మనకు చికెన్ ప్యాకెట్ల మీద కనిపించే వెంకీస్ వీళ్లదే. గ్రూపు స్థాపకుడు, దివంగత బి.వి. రావు హైదరాబాదీ. పేపర్లో రోజూ చూసే నెక్ గుడ్ల రేటు ఉంది కదా, 1982లో ఆ నెక్‌కు బాట వేసింది ఆయనే. క్లబ్బు కొన్నది ఆయన పిల్లలు: అనురాధా దేశాయ్, వెంకటేశ్ రావు, బాలాజీ రావు.

కొన్న నెల తిరక్కముందే, డిసెంబరులో, అనుభవజ్ఞుడైన మేనేజర్ శామ్ అలర్డైస్‌ను పంపించేశారు. ఆయన స్థానంలో అంతకుముందు ఏ జట్టుకూ పూర్తిస్థాయి మేనేజర్‌గా చేయని స్టీవ్ కీన్‌ను కూర్చోబెట్టారు. అభిమానులు రోడ్డెక్కారు. 2012 మేలో సొంత మైదానంలో విగన్ చేతిలో ఓడి రోవర్స్ ప్రీమియర్ లీగ్ నుంచి జారిపోయింది. ఆ మ్యాచ్ మధ్యలో ఎవరో క్లబ్బు జెండా చుట్టిన కోడిని గ్రౌండ్‌లోకి వదిలారు. ఆ ఫోటో అన్ని పేపర్లలోనూ వచ్చింది. తర్వాతి సీజన్‌లో హెన్నింగ్ బెర్గ్ 57 రోజులు, మైకేల్ యాపిల్టన్ 67 రోజులు మేనేజర్లుగా ఉన్నారు, అంతే. 2017లో మూడో శ్రేణికి పడిపోయి, ఏడాదికే తిరిగి రెండో శ్రేణికి వచ్చింది.

దీన్ని తెల్లవాళ్లకూ మనవాళ్లకూ మధ్య గొడవగా చూస్తే పొరపాటే. బ్లాక్‌బర్న్ జనాభాలో మూడో వంతు దాకా ముస్లింలే. చాలామంది మిల్లుల పనికి వచ్చిన గుజరాతీ, పాకిస్తానీ కుటుంబాల వాళ్లు. 2022లో ఈద్ నమాజు ఈవుడ్ పార్క్ పిచ్ మీదే జరిగింది. అసలు ఫిర్యాదు వేరు: యజమానులు ఊరికి రారు, నిర్ణయాలు పుణెలో అవుతాయి, కారణం అడుగుదామంటే ఎదురుగా మనిషి ఉండడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. వాళ్లు ఏటా డబ్బు పెట్టకపోతే క్లబ్బు నడవదు. రెండో శ్రేణి క్లబ్బుల్లో ఆటగాళ్ల జీతాలే రాబడిని మింగేస్తాయి. భారత్‌లో ఈడీ విచారణ వల్ల 2023 నుంచి డబ్బు పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి కావాల్సి వచ్చింది. యజమానిని పొమ్మంటే రేపు జీతాలిచ్చేదెవరు? ఈ ప్రశ్న దగ్గరే నిరసనలు ఆగిపోతుంటాయి.

కార్డిఫ్ అభిమానులది మరో రకం దెబ్బ. మలేసియా యజమాని విన్సెంట్ టాన్ 2012లో నీలం జెర్సీని ఎరుపు చేసేశారు, 2015లో మళ్లీ నీలానికి మార్చారు. 2025లో బ్రిటన్ తెచ్చిన ఫుట్‌బాల్ చట్టం ప్రకారం ఇకమీదట జెర్సీ రంగు, చిహ్నం మార్చాలంటే అభిమానుల్లో మెజారిటీ మద్దతు ఉండాలి. అభిమానులతో సంప్రదింపులు జరపాలన్నదీ అందులో ఉంది. అయితే ఆ బాధ్యత క్లబ్బు మీద పెట్టారు, పుణెలో ఉండే యజమాని మీద కాదు.